బర్ఖాస్త్ కాదు, బరాబర్ పంచండి

2020 మే 1. మేడే. జుమా, పైగా రంజాన్. లాక్‌డౌన్ కాబట్టి నమాజు ఇంట్లోనే. ఆ రోజే తిరుపతిలో 1300 మంది కాంట్రాక్టు కార్మికులకు 'ఇక రావొద్దు' అన్న ఖబర్ అందింది. విష్ణు నివాసం, శ్రీనివాసం, మాధవం సత్రాల్లో పనిచేసేవాళ్లు. మార్చి 20 నుంచి కొండ మీద దర్శనాలు బంద్, ఏప్రిల్ 30తో ఏజెన్సీ కాంట్రాక్టు ఖతం. గోల మొదలయ్యాక వేరే పనుల్లో సర్దుతామని టీటీడీ చెప్పింది. మంచిదే. కానీ మెహనత్ చేసే మనిషి రోజీ ఒకరి దయ మీద ఎందుకు ఆధారపడాలి?

"భక్తులే లేరు, పనెక్కడిది?" అంటారు. ఒప్పుకుంటా. పని సగమైతే సగం మందిని తీసేయడమొక్కటేనా ఇలాజ్? జర్మనీలో గంటలు తగ్గించి అందరినీ ఉంచుకుంటారు. పోయిన జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం సర్కారీ బీమా ఇస్తుంది. 2020 ఏప్రిల్‌లో అక్కడ దాదాపు 60 లక్షల మంది ఇలాగే నౌకరీ నిలబెట్టుకున్నారు.

ఖజానా మనకూ ఉంది. 21,000 లోపు జీతగాడి దగ్గర ఈఎస్ఐ 0.75 శాతం, యజమాని దగ్గర 3.25 శాతం వసూలు చేస్తుంది. నౌకరీ పోతే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద 90 రోజుల దాకా సగటు వేతనంలో కొంత ఇస్తారు, అదీ జిందగీలో ఒక్కసారి. 25 శాతంగా ఉన్నదాన్ని 2020 ఆగస్టులో 50 చేశారు. షర్తు ఏమిటంటే, పని పూర్తిగా పోవాలి. సగం పోతే పైసా రాదు. జ్వరానికి మందివ్వం, మయ్యత్ అయ్యాక కఫన్ ఇస్తాం అన్నట్టుంది.

హిసాబ్ చూద్దాం. నెలకు 12,000 తెచ్చుకునే ఇద్దరున్నారు, పని ఒక్కరికే ఉంది. ఒకర్ని తీసేస్తే ఈఎస్ఐ అతనికి 6,000 ఇస్తుంది. అలా కాకుండా ఇద్దరికీ సగం సగం పని ఇస్తే యజమాని చెరో 6,000 ఇస్తాడు, పోయిన సగానికి ఈఎస్ఐ చెరో 3,000 ఇవ్వాలి. యజమాని ఖర్చు అదే 12,000. ఈఎస్ఐ ఖర్చు అదే 6,000. కానీ రెండిళ్లకూ 9,000 చొప్పున వస్తాయి, ఎవరూ బేరోజ్‌గార్ కారు. భక్తులు తిరిగొచ్చిన రోజు పని తెలిసిన చేతులు అక్కడే ఉంటాయి.

"దొంగ లెక్కలు రాస్తారు" అంటారా? ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో యజమాని నెలనెలా ఈఎస్ఐకి చెప్తూనే ఉన్నాడు. తనిఖీ చేయండి. దొంగ ఉన్నాడని బజారే మూసేస్తామా?

ఆ రంజాన్‌లో వీధివీధినా రేషన్ కిట్లు పంచారు. సవాబే. కానీ ఖైరాత్‌తో పూట గడుస్తుంది, నౌకరీ నిలవదు. నేను అడిగేది ఖైరాత్ కాదు. కార్మికుడు తన జీతంలోంచి కట్టిన పైసల్లో అతని హక్.