ఐదో హ్యారీ పాటర్‌కి ఓ క్షమాపణ

హ్యారీ పాటర్ ఏడు పుస్తకాల్లో మీకు అస్సలు నచ్చనిది ఏది అనడిగితే ఇన్నాళ్ళూ నేను ఠక్కున చెప్పే సమాధానం ఒకటే: ఐదోది, ‘ఆర్డర్ ఆఫ్ ది ఫీనిక్స్’. మిగతావి నాలుగైదు సార్లు చదివా గానీ దీన్ని మాత్రం 2003లో ఒక్కసారి చదివి అటకెక్కించేశా. ఈ మధ్య మా అమ్మాయి (ఐదో తరగతి) వరసగా చదువుకుంటూ దాని దగ్గరికొచ్చింది. "ఇది వదిలేసి సినిమా చూసెయ్యమ్మా" అని సలహా ఇచ్చా. వినలేదు. దాంతో పాటు నేనూ మళ్ళీ చదివా. చదివాక తెలిసింది, తప్పు పుస్తకానిది కాదు, నాది.

ముందు నా పాత ఫిర్యాదులు. నాలుగోది 2000లో వచ్చాక మూడేళ్ళు ఎదురు చూశాం. తీరా వచ్చింది 766 పేజీలు (బ్రిటిష్ ఎడిషన్), సిరీస్ మొత్తంలో అదే పెద్దది. అందులో హ్యారీ అస్తమానం అరుస్తూనే ఉంటాడు, అదీ క్యాపిటల్ లెటర్స్‌లో! డంబుల్‌డోర్ ఏడాదంతా అతని మొహం కూడా సరిగ్గా చూడడు. అంబ్రిడ్జ్ అనే ఆవిడ ఒకర్తి, అతను చెప్పిన నిజాన్నే అబద్ధమంటూ అతని రక్తంతోనే శిక్ష రాయిస్తుంది. చివర్లో సిరియస్ పోతాడు. తొమ్మిదో తరగతి కుర్రాడు ఇందులో దేనికి సంబరపడాలి?

ఇప్పుడు చదివితే అరుపుల కంటే ముందు ఆ అరుపుల వెనకున్న కారణం కనపడింది. ఆ కుర్రాడికి ఎవరూ ఏమీ చెప్పరు. వోల్డెమార్ట్ తిరిగొచ్చాడని కళ్ళారా చూసింది తనొక్కడే. అయినా వేసవంతా వార్తల కోసం కిటికీ కింద పూలమొక్కల్లో పడుకుని టీవీ వింటూ ఉంటాడు. స్నేహితుల ఉత్తరాల్లో విషయమేం ఉండదు, డంబుల్‌డోర్ వాళ్ళ చేత ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి. సిరియస్ చెబుదామంటే మిసెస్ వీస్లీ "చిన్నపిల్లాడు" అని అడ్డుపడుతుంది. ఆక్లుమెన్సీ నేర్చుకోమంటారు గానీ అసలు ప్రమాదం ఏమిటో పూర్తిగా చెప్పరు. రిక్వైర్‌మెంట్ చెప్పకుండా డెడ్‌లైన్ ఇచ్చినట్టన్నమాట.

ఫలితం? వాళ్ళు చెప్పకుండా వదిలేసిన ఆ ఖాళీని వోల్డెమార్ట్ నింపాడు. సిరియస్‌ని హింసిస్తున్నట్టు ఒక అబద్ధపు దృశ్యం చూపించాడు. హ్యారీ నమ్మి పరిగెత్తాడు, అతన్ని కాపాడ్డానికొచ్చి సిరియస్ పోయాడు. 37వ అధ్యాయంలో డంబుల్‌డోరే తప్పు ఒప్పుకుంటాడు. పదకొండేళ్ళప్పుడు నువ్వడిగితే చెప్పలేదు, నిజం కంటే నీ సంతోషమే ముఖ్యమనుకున్నా అని. నా దృష్టిలో సిరీస్ మొత్తానికీ గుండెకాయ ఆ అధ్యాయమే. ప్రేమతో దాచినా దాచడమే అని పిల్లల పుస్తకంలో అంత సూటిగా చెప్పడం మామూలు విషయం కాదు. 2007 నాటి సినిమాలో మాత్రం దాన్ని దాదాపు తేల్చేశారు (అతిపెద్ద పుస్తకం, అప్పటికొచ్చిన ఐదు సినిమాల్లోనూ చిన్నది, 138 నిమిషాలు!).

లోపాల్లేవని కాదు. గ్రాప్ అనే రాక్షసుడి భాగం ఇప్పటికీ నిద్రొస్తుంది. సిరియస్ ఇచ్చిన అద్దం ఒకటుంది, అందులో చూస్తూ ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. హ్యారీ ఆ పొట్లం సిరియస్ పోయేదాకా విప్పనే విప్పడు. సర్వర్ కూలిపోయాక బ్యాకప్ గుర్తొచ్చిన రకం.

నాకిదంతా ఎందుకు తగిలిందో చెప్పాలి. 2007 మార్చిలో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాస్తున్నా, హాస్టల్లో. మొదటి పేపర్ ముందే తాతయ్య పోయారు. ఇంట్లోవాళ్ళు నాకు చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "తాతయ్య పడుకున్నారు" అనేవాళ్ళు. పరీక్షలయ్యాక బస్సు దిగి ఇంటికెళ్తే గోడ మీద దండ వేసిన ఫోటో. మార్కులు బాగానే వచ్చాయి లెండి. ఆ మార్కుల గురించి ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ ఆ ఫోటోనే గుర్తొస్తుంది.

ఇంత అనుభవించిన నేను ఏం చేశానంటారా? రెండు నెలల క్రితం మా కంపెనీ కోతల జాబితాలో నా పేరూ ఉంది. మా ఆవిడతో నేనన్న మొదటి మాట: "పిల్లకి చెప్పొద్దు, దానికి పరీక్షలున్నాయి." ఏ కాల్సూ లేకపోయినా రోజూ హెడ్‌సెట్ పెట్టుకుని గదిలో కూర్చునేవాణ్ణి. పుస్తకం అయిపోయిన రాత్రి అది అడిగింది, "డంబుల్‌డోర్ ముందే చెప్పేస్తే సరిపోయేది కదా నాన్నా?" అని.

అప్పుడు చెప్పేశా. కాసేపు నా మొహంలోకి చూసి, "ఉద్యోగమేనా? నీకేదో పెద్ద జబ్బనుకున్నా. అమ్మ వంటింట్లో ఏడుస్తుంటే చూశా" అంది.

అంటే నెలకి పైగా అది ఒక్కతే ఆ భయంతో పడుకుంది. నేను ఉద్యోగం దాచాననుకున్నా, అది మాత్రం నా చావుని ఊహించుకుంది. చెప్పని మాట ఖాళీగా ఉండదండీ, పిల్లలు దాన్ని తమకి తెలిసిన అన్నిటికంటే భయంకరమైన దాంతో నింపుకుంటారు.

మీకూ ఐదోది నచ్చకపోతే ఇంకోసారి చదవండి. ఈసారి హ్యారీ వైపు నుంచి కాదు, డంబుల్‌డోర్ వైపు నుంచి. మన వయసుకి ఇప్పుడు సరిపోయేది ఆ పాత్రే కదా!