అన్నీ మొలలేనా?

ఈ సంగతి రెండుసార్లు రాసి చెరిపేశాను. విరేచనంలో రక్తం పడిందని ఆడది నలుగురిలో చెప్పుకుంటుందా అని మీలో కొందరు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. వేసుకోండి.

నాకు మొదటిసారి కనబడినప్పుడు అత్తయ్యగారు "వేడి చేసిందమ్మా, మజ్జిగ తాగు" అన్నారు. తోడికోడలు కంద తినమంది. వీధి చివర క్లినిక్‌లో డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే "పైల్స్" అని ఆయింట్‌మెంట్ రాసిచ్చాడు. చూపించుకునే బాధ తప్పిందని నేనూ సంతోషంగా ఇంటికొచ్చేశాను, అబద్ధమెందుకు! అలా ఎనిమిది నెలలు. మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 8 ఉందంటే దాన్నీ నెలసరి ఖాతాలోనే రాసేశాం. ఆడవాళ్లకి రక్తం తక్కువగా ఉండటం మన ఇళ్లల్లో జబ్బు కాదు కదా, స్వభావం.

నా గొడవంతా ఇక్కడే. ఇలా పడే రక్తం చాలామందికి మొలల వల్లో, చీలిక వల్లో వచ్చేదే, నిజం. కానీ పెద్దపేగులో పాలిప్ ఉన్నా, పుండున్నా, క్యాన్సర్ ఉన్నా పడేది రక్తమే. దాని మీద పేరు రాసి ఉండదు. మొలలున్నాయి కాబట్టి లోపల ఇంకోటి ఉండదనీ లేదు. అది ముసలివాళ్ల జబ్బు అంటారా? 'బ్లాక్ పాంథర్' హీరో చాడ్విక్ బోస్‌మన్ 2020లో పెద్దపేగు క్యాన్సర్‌తో పోయేనాటికి 43 ఏళ్లు. అమెరికాలో 2021 నుంచి ఏ బాధా లేనివాళ్లని కూడా 45 దాటితే పేగు పరీక్ష చేయించుకోమంటున్నారు. మనం రక్తం చూస్తూ కూడా సబ్జా గింజలు నానబెట్టుకుంటాం.

కొలనోస్కోపీ అనగానే మా ఆయన "అంత అవసరమా?" అన్నారు. పిల్లాడి మోకాలు వాస్తే ఆ సాయంత్రమే స్కానింగ్‌కి పరిగెత్తిన మనిషి.

పరీక్ష కన్నా ముందురోజే కష్టం. అన్నం లేదు. పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ, వెగటుగా, గుక్కగుక్కా తాగాలి. ఆ రాత్రి నా కాపురమంతా బాత్రూమ్‌లోనే. మర్నాడు చేతికి సూది పెట్టి మత్తిచ్చారు. చివర కెమెరా ఉన్న, వేలంత లావు మెత్తటి గొట్టం. కళ్లు తెరిచేసరికి అయిపోయింది. ఒక పాలిప్ కనబడితే ఆ గొట్టంలోంచే తీసేశారట. నొప్పి లేదు, కోత లేదు. ఇలాంటివాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయిట, దానికి చాలా ఏళ్లు పడుతుందిట. అంటే మనకి దొరికే గడువు అదే. దాన్ని మనం సిగ్గుపడటానికి వాడుకుంటున్నాం.

ప్రతి చుక్కకీ గొట్టం వేయించుకోమనటం లేదు. ముందు డాక్టరు చేత సరిగ్గా పరీక్ష చేయించుకోండి. కారణం తేలకపోయినా, వయసు 45 దాటినా, ఒంట్లో రక్తం తగ్గినా, విరేచనం తీరు మారినా, పుట్టింట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా "కొలనోస్కోపీ అక్కర్లేదా?" అని నోరు తెరిచి అడగండి. ఆయింట్‌మెంట్ చీటీ పుచ్చుకుని లేచి రాకండి.

నేను ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రి అత్తయ్యగారు వంటింటి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "నాకూ రెండేళ్లుగా పడుతోందే" అన్నారు. వచ్చే మంగళవారం ఆవిడకి పరీక్ష. పొడి కలిపేది నేనే.