వయసు అడగని జైలు గేటు

రాష్ట్రంలో ఏ ఘోరం జరిగినా రెండో రోజుకల్లా చటాన్‌పల్లి పేరు బయటికి వస్తుంది. 2021 సెప్టెంబరులో సైదాబాద్‌లో ఆరేళ్ల పాప హత్య జరిగినప్పుడు నిందితుణ్ణి పట్టుకుని ఎన్‌కౌంటర్ చేస్తామని సాక్షాత్తూ ఒక మంత్రే మైకుల ముందు చెప్పారు. 2025 ఆగస్టులో కూకట్‌పల్లిలో పదేళ్ల పాప హత్య కేసులో పొరుగున ఉండే పదో తరగతి పిల్లవాడు దొరికాక చర్చ ఇంకాస్త ముందుకు పోయింది. మైనరైతే మాత్రం ఏమిటట, పద్దెనిమిదేళ్ల గీత ఎవరి కోసం గీశారు, జువెనైల్ చట్టం నేరగాళ్లకు గొడుగు పడుతోంది అన్న వాదనలు టీవీ చర్చల్లో, పత్రికల్లో వింటూనే ఉన్నాం. ఆ వాదన చేసేవారెవరూ ఒక్క సంగతి మాత్రం ఎత్తరు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర పోలీసు తూటాలకు చనిపోయిన నలుగురు శంషాబాద్ యువ వైద్యురాలి హత్య కేసు నిందితుల్లో ముగ్గురు మైనర్లు.

ఇది పౌరహక్కుల సంఘాల కరపత్రంలోని ఆరోపణ కాదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ కమిషన్ బడి రికార్డులు ముందు పెట్టుకుని తేల్చిన విషయం. 2022 జనవరిలో కమిషన్ నివేదిక ఇచ్చింది, మే 20న అది అందరి చేతికీ వచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదనీ, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలనీ చేసిన సిఫారసు మొదటి పేజీకి ఎక్కింది. ముగ్గురు మైనర్లన్న మాట లోపలి పేజీల్లో ఎక్కడో కలిసిపోయింది. అప్పటి ప్రభుత్వం దాని మీద నోరు విప్పలేదు. ఇప్పటి ప్రభుత్వమూ విప్పలేదు.

అరెస్టు రోజున పోలీసులు పత్రికలకు ఇచ్చిన వివరాలు ఒకసారి తిరగేయండి. పేర్లు నేను రాయను. మైనర్ల గుర్తింపు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆ రోజు ముఖాలు, ఊళ్లు, ఇంటి గడపలతో సహా చూపించిన చానళ్లకు అది గుర్తు రాలేదు, అది వేరే సంగతి. వయసులు మాత్రం చూడండి. ఒకరికి 26. మిగతా ముగ్గురికీ 20, 20, 20.

పాలమూరు పల్లెల సంగతి తెలిసినవారికి ఈ గుండుగుత్త ఇరవై ఎక్కడ పుడుతుందో తెలుసు. 'ఈడెంతరా?' అంటే 'ఇరవై ఉంటయి సార్' అంటాడు. లారీ మీద క్లీనరుగా పోయే పిల్లవాడు ఓనరుకు చెప్పేదీ అదే. తక్కువ చెబితే పని దొరకదు. ఆధార్‌లో చూస్తే జనవరి 1 అని ఉంటుంది, అది కార్డు తీసిన రోజు ఆపరేటర్ కొట్టిన తేదీ. తల్లిని అడిగితే ఫలానా కరువు ఏడాది పుట్టాడనో, వాళ్ల నాయన బొంబాయి నుంచి వచ్చిన ఏడాది పుట్టాడనో చెబుతుంది. మిగిలేది ఊరి బడిలో అట్ట చిరిగిన అడ్మిషన్ రిజిస్టర్ ఒక్కటే. చేర్చిన రోజు సారు రాసిన పుట్టిన తేదీ అందులో ఉంటుంది. ఆ తేదీ కూడా సారు ఊహే కదా అని నవ్వేవాళ్లున్నారు. నవ్వుకోవచ్చు. కానీ అదే జువెనైల్ చట్టం 94వ సెక్షన్ ముందు ఆ బడి కాగితాన్నే చూడమంది. అది లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం, అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. నిందితుడి నోటి మాట, ఎస్సై కంటి అంచనా ఆ వరుసలో ఎక్కడా లేవు.

ఆ ముగ్గురిదీ మక్తల్ దిక్కే. అక్కడి ఒక సర్కారు బడికి షాద్‌నగర్ నుంచి జీపులో పోయి రావడానికి ఒక పూట చాలు. ఆ పూట ఎవరికీ దొరకలేదు.

నవంబరు 30న షాద్‌నగర్ స్టేషన్ బయట వేలమంది జనం. చెప్పులు ఎగురుతున్నాయి, నిందితులను కోర్టుకు తీసుకుపోయే వీలు లేదన్నారు. తహసీల్దారే స్టేషన్‌కు వచ్చి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో రిమాండ్ రాశారు, అదీ 14 రోజులకు. జుడీషియల్ మేజిస్ట్రేట్ అందుబాటులో లేనప్పుడు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఇవ్వగల రిమాండ్ మొత్తం కలిపి ఏడు రోజులకు మించకూడదని అప్పటి సీఆర్‌పీసీ 167(2ఎ)లో స్పష్టంగా ఉంది. ఏడుకు రెట్టింపు రాసిన చోట వయసు గురించి అడుగుతారని ఆశించడం అత్యాశే. అక్కడి నుంచి చర్లపల్లి సెంట్రల్ జైలు. పిల్లవాణ్ణి ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదని జువెనైల్ చట్టం 10వ సెక్షన్ అంటుంది. జైలు గేటు దగ్గర పుట్టుమచ్చలు రాసుకున్నారు, బరువు చూశారు, వయసు గడిలో మాత్రం పోలీసులు రాసిన అంకెనే ఎక్కించుకున్నారు. తర్వాత కోర్టు పోలీసు కస్టడీకి ఇచ్చింది. అక్కడా ఎవరూ అడగలేదు. అడగాల్సిన ఒక్క మనిషి వకీలు. నిందితుల తరఫున ఎవరూ వాదించబోమని షాద్‌నగర్ బార్ అసోసియేషన్ ముందే ప్రకటించింది. వకాల్తా వెయ్యడమంటే నేరాన్ని సమర్థించడమని న్యాయవాదులే అనుకుంటే, బడి ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ పట్టుకుని మేజిస్ట్రేట్ ముందు నిలబడేది ఎవరు?

ఇంకా విచిత్రం ఏమిటంటే, డిసెంబరు 4న ఈ కేసు కోసం మహబూబ్‌నగర్ అదనపు సెషన్స్ కోర్టును ఫాస్ట్‌ట్రాక్ కోర్టుగా నిర్ణయించారు. ముగ్గురు మైనర్లైతే వాళ్లను నేరుగా ఆ బోను ఎక్కించడానికే వీల్లేదు. ముందు జువెనైల్ జస్టిస్ బోర్డు చూడాలి. పదహారు దాటినవాడైతే, నేరం ఘోరమైనదైతే, పెద్దవాడిగా విచారించాలా వద్దా అని 15వ సెక్షన్ కింద బోర్డు తేల్చాలి. తొందరపడి పెట్టిన కోర్టునే తప్పు లెక్క మీద పెట్టారన్నమాట. ఆ తప్పు బయటపడే అవకాశం కూడా రాలేదు. రెండు రోజుల్లో నిందితులే లేరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జువెనైల్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం మైనర్‌కు ఉరిశిక్ష వెయ్యకూడదు, విడుదలకు దారి లేని యావజ్జీవమూ వెయ్యకూడదు. పెద్దవాడిగా విచారించినా అంతే. అంటే ఈ దేశంలో ఏ సెషన్స్ జడ్జీ, ఏ హైకోర్టూ, చివరికి సుప్రీంకోర్టూ ప్రాణం తియ్యడానికి వీల్లేని ముగ్గురి ప్రాణం పోలీసు కస్టడీలో పోయింది. న్యాయం త్వరగా జరిగిందన్నవారు దీనికి జవాబు చెప్పాలి. చట్టంలో లేని శిక్ష త్వరగా పడితే దాన్ని ఏమని పిలుస్తారు?

నేరం చిన్నదని ఎవరూ అనరు, నేనూ అనను. తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర ఆ యువ వైద్యురాలికి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఆ తల్లిదండ్రుల ముందు సెక్షన్ల నంబర్లు చదవడం ఎవరికైనా కష్టమే. పోలీసుల వాదన పోలీసులకుంది. కమిషన్ నివేదికను వాళ్లు హైకోర్టులో సవాలు చేశారు, 2024 మేలో చర్యల మీద స్టే వచ్చింది. కమిషన్ తేల్చింది కోర్టు తీర్పు కాదన్న మాట నిజమే. కానీ స్టే తెచ్చుకున్నది చర్యల మీద. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్న పుట్టిన తేదీ మీద కాదు.

కోర్టుల్లో ఏళ్లు పడుతుంది కాబట్టి తూటానే దిక్కు అనే మాట కూడా ఆ చలికాలంలోనే తేలిపోయింది. శంషాబాద్ ఘటనకు మూడు రోజుల ముందు ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో సమత కేసుగా పేరుపడ్డ అత్యాచారం, హత్య జరిగాయి. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. రెండు నెలల మీద ఒక వారం. ఇక మన ఉమ్మడి నల్లగొండ. బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో ముగ్గురు ఆడపిల్లలను చంపి బావుల్లో పూడ్చిన సంగతి 2019 ఏప్రిల్‌లో బయటపడింది. ఊరు ఊరంతా ఆ రోజు నిందితుణ్ణి తమకు అప్పగించమంది. అప్పగించలేదు. సాక్షులను పిలిచారు, ఫోరెన్సిక్ రిపోర్టులు తెప్పించారు, నల్లగొండ పోక్సో కోర్టు 2020 ఫిబ్రవరి 6న ఉరిశిక్ష చెప్పింది. చటాన్‌పల్లి జరిగి సరిగ్గా రెండు నెలలు. హన్మకొండలో తొమ్మిది నెలల పసిగుడ్డు హత్య కేసులో 2019 జూన్ నేరానికి ఆగస్టులోనే తీర్పు వచ్చింది. ఉరిశిక్షల మీద ఎవరి అభిప్రాయం వారిది. నేను చెప్పేది వేగం గురించి. ఈ మూడు కేసుల్లో పోలీసులు చేసిన పనికి పూలు చల్లినవారు లేరు.

హాజీపూర్‌కూ చటాన్‌పల్లికీ తేడా ప్రజల భద్రత దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది. హాజీపూర్‌లో ఏం జరిగిందో కోర్టు రికార్డులో ఉంది. చటాన్‌పల్లిలో విచారణే లేదు కాబట్టి శంషాబాద్ నేరం ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. ఆ రాత్రి బిడ్డ కనపడలేదని ఇంటివాళ్లు స్టేషన్‌కు పోతే మా పరిధి కాదన్నారు. కేసు నమోదులో జాప్యానికి ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. ఆ రాత్రి ఆ ఇంటివాళ్లను ఎందుకు తిప్పి పంపారన్నది అసలు ప్రశ్న. ఆడపిల్లలను రేపు కాపాడేది ఆ ప్రశ్నకు దొరికే జవాబే. డిసెంబరు 6 ఉదయం తర్వాత ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

కమిషన్ నివేదిక బయటికి వచ్చిన ఎనిమిది రోజులకే, 2022 మే 28న, జూబ్లీహిల్స్ పబ్ కేసుగా పేరుపడ్డ బాలిక అత్యాచారం జరిగింది. నిందితుల్లో ఐదుగురు మైనర్లు, పెద్ద ఇళ్ల పిల్లలు. అక్కడ చట్టం ఎంత చక్కగా నడిచిందో చూడండి. పేర్లు దాచారు, జువెనైల్ హోంకు పంపారు, బోర్డు వాళ్ల మానసిక స్థితిని అంచనా వేయించింది. కొందరిని పెద్దవాళ్లుగా విచారించాలని బోర్డు చెబితే ఒకరి విషయంలో హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. ఇదంతా తప్పని నేననను, ఇలాగే జరగాలి. జూబ్లీహిల్స్ పిల్లలకు పుట్టిన రోజు కేకులుంటాయి, తేదీ అందరికీ తెలుసు. మక్తల్ పిల్లలకు ఇరవై ఉంటాయి సార్.

జైలు గేటు బయట మనుషులు బతకకపోవడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ సెంట్రల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు వ్యానులో వస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సీట్లలో కూలబడిన శవాల చేతులకు బేడీలు అలాగే ఉన్న ఫొటోలు అందరూ చూశారు. సిట్ వేశారు. ఆ ఐదుగురూ ఉగ్రవాద కేసుల నిందితులు, పిల్లలు కాదు. రెండు సంఘటనలకూ ఒక్కటే పోలిక. జైలు రిజిస్టర్‌లో సంతకం పెట్టి ప్రాణంతో బయటికి తీసుకుపోయారు, ప్రాణంతో తిరిగి అప్పగించలేదు. జైళ్ల మీద ప్రభుత్వ పర్యవేక్షణ అంటే ఖైదీలు నడిపే పెట్రోలు బంకులు, తోటల ఫొటోలు మాత్రమే కాదు.

మక్తల్ పిల్లలది ఒక్క కేసే అనుకుంటే అదీ పొరపాటే. ఐప్రోబోనో అనే సంస్థ సమాచార హక్కు కింద తీసిన లెక్కల ప్రకారం 2016 నుంచి 2021 వరకు ఆరేళ్లలో 9,681 మంది పిల్లలు దేశంలో పెద్దల జైళ్లలో ఉన్నట్టు తేలింది. అదీ సగం జైళ్లే జవాబిస్తే. దొరికినవాళ్ల లెక్క ఇది. దొరకనివాళ్లు ఇంకా లోపల ఇరవై ఏళ్లవాళ్లుగా చలామణీ అవుతున్నారు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఢిల్లీ హైకోర్టు 2012లోనే యువకులను అరెస్టు చేసినప్పుడు పోలీసులు 'వయసు మెమో' నింపాలని చెప్పింది. ఏ బడిలో చదివాడు, పుట్టిన తేదీకి ఆధారమేమిటి, ఎవరిని అడిగారు అన్నవి రాసే ఒక కాగితం అది. నారాయణపేట, గద్వాల, నాగర్‌కర్నూల్, దేవరకొండ స్టేషన్లలో ఆ కాగితం ఒక్క ప్యాడ్ అచ్చు వేయించడానికి ఎంత ఖర్చవుతుంది? జువెనైల్ బోర్డులు పెద్దల జైళ్లను క్రమం తప్పకుండా తనిఖీ చేసి అక్కడ పిల్లలెవరైనా ఉంటే వెంటనే తరలించాలని జువెనైల్ చట్టం సెక్షన్ 8(3)(ఎం)లో ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా జైళ్లకు బోర్డు సభ్యులు చివరిసారి ఎప్పుడు పోయారు, ఎంతమంది రిమాండ్ ఖైదీల బడి కాగితాలు చూశారు అన్న రికార్డును హోం శాఖ అసెంబ్లీ ముందు పెట్టాలి. పెట్టడానికి ఏమీ లేకపోతే ఆ మాటే చెప్పాలి.

ఆ హోం శాఖ ఇప్పుడు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి దగ్గరే ఉంది. పాలమూరు బిడ్డనని ప్రతి సభలో చెప్పుకునే మనిషి. జైలు గురించి ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. 2015లో ఓటుకు నోటు కేసులో చర్లపల్లి జైల్లోనే ఉన్నారు. కూతురి నిశ్చితార్థానికి కోర్టు కొన్ని గంటల బెయిల్ ఇచ్చింది, పేరున్న వకీళ్లు వాదించారు, నెల తిరిగేసరికి బయటికి వచ్చారు. ఆ హక్కులన్నీ ఆయనకు ఉండాల్సిందే. అదే జైలుకు నాలుగేళ్ల తర్వాత తన జిల్లా నుంచే వచ్చిన ముగ్గురు పిల్లలకు వయసు అడిగే గుమస్తా కూడా దొరకలేదని సుప్రీంకోర్టు కమిషన్ నివేదిక చూస్తే అర్థమవుతుంది. ముఖ్యమంత్రి అయ్యాక ఆ నివేదికలోని వయసు నిర్ధారణ భాగం చదివారా? చదివితే, ఏ స్టేషన్‌కు ఏ సర్క్యులర్ పంపారు?