మాటల్లేకుండా ఒక పాట

తన పాటల్ని జాజ్‌ బృందాలు వాయిస్తే జెరోమ్‌ కెర్న్‌కి ఒళ్లు మండేది. కట్టిన బాణీ కట్టినట్టే వినపడాలి, ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చేస్తే ఎలా అని! 1924లో ‘సిటింగ్‌ ప్రెటీ’ నాటకం పాటల్ని రికార్డులు వెయ్యడానికీ రేడియోలో వినిపించడానికీ వీల్లేదని పట్టుబట్టాడు. చెవిన పడని పాట జనం నోట ఎలా నిలుస్తుంది?

ఈ న్యూయార్క్‌ పెద్దాయనే 1939లో ‘వెరీ వార్మ్‌ ఫర్‌ మే’కి సంగీతం చేశాడు. నాటకం 59 ప్రదర్శనలతో మూతపడింది. అందులోని ‘ఆల్‌ ద థింగ్స్‌ యూ ఆర్‌’ మాత్రం ఇప్పటికీ బతికుంది. బతికించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది... అవును, జాజ్‌ వాళ్లనే!

కెర్న్‌ 1945లో కన్నుమూశాడు. 1959లో ఆస్కార్‌ పీటర్సన్‌ ఆయన పాటలు పన్నెండింటిని పియానో మీద వాయించి ఒక ఎల్పీగా ఇచ్చాడు. బేస్‌ మీద రే బ్రౌన్‌, డ్రమ్స్‌ మీద ఎడ్‌ థిగ్‌పెన్‌. అంతే, ముగ్గురే. గాయకుడు లేడు, వయొలిన్లు లేవు. పోర్టర్‌, గెర్ష్విన్‌, బెర్లిన్‌... ఇలా ఒక్కో స్వరకర్తకి ఒక్కో ఎల్పీ చొప్పున నిర్మాత నార్మన్‌ గ్రాంజ్‌ వరసగా చేయించిన వాటిలో ఇదొకటి.

పీటర్సన్‌ మాంట్రియల్‌లో రైల్వే పోర్టరు కొడుకు. కుర్రాడికి పొగరెక్కుతోందని తండ్రి ఆర్ట్‌ టేటమ్‌ రికార్డు వినిపించాడట. ఇద్దరు వాయిస్తున్నారనుకున్నాడు. ఒక్కడేనని తెలిశాక కొన్నాళ్లు పియానో ముట్టుకోలేదు! పెద్దయ్యాక ఆయన వేళ్లకి అడ్డే లేకపోయింది. స్వరాలు మరీ గుప్పించేస్తాడని విమర్శకులు సణిగేవారు. అందులో నిజం లేకపోలేదు.

ఇక్కడ మాత్రం పాటకి మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూగా. ఊరంతా తిరిగొచ్చే వ్యవధి లేదు. ముందు బాణీ గుర్తుపట్టేలా వినిపించాలి, ఓ చుట్టు తన మనోధర్మం చూపాలి, మళ్లీ బాణీ దగ్గరికి వచ్చెయ్యాలి. నెమ్మది పాటల్లోనే ఈ కట్టుబాటు అందం తెలుస్తుంది. థిగ్‌పెన్‌ కర్రలు పక్కనపెట్టి బ్రష్షులు పట్టాడంటే, వెనకింట్లో ఎవరో చేటలో బియ్యం చెరుగుతున్నట్టుంటుంది.

‘ద వే యూ లుక్‌ టునైట్‌’ వినండి. 1936లో ‘స్వింగ్‌ టైమ్‌’ సినిమాలో ఫ్రెడ్‌ అస్టైర్‌ పాడిన పాట. ఆ ఏడాది ఉత్తమ గీతంగా ఆస్కార్‌ దీనికే. అదే అస్టైర్‌ 1952లో దీన్ని మళ్లీ రికార్డు చేసినప్పుడు పియానో దగ్గరున్నది ఎవరనుకున్నారు? పీటర్సనే! ఏ మాట దగ్గర ఆగుతాడో, ఎక్కడ ఊపిరి పీలుస్తాడో పక్కనుండి విన్నాడు. ఏడేళ్ల తర్వాత మాటల్లేకుండా వాయించినా, మాటలు తెలిసినవాడి వాయిద్యమే అది. కెర్న్‌ ఉంటే ఏమనేవాడో గానీ, బాణీకి గీత పడలేదు.

వీలైతే ముందు సినిమా పాట చూడండి. అస్టైర్‌ పియానో ముందు కూర్చుని తన్మయంగా పాడుతుంటాడు. జింజర్‌ రోజర్స్‌ మెల్లగా వచ్చి వెనక నిలబడుతుంది... తల నిండా షాంపూ నురగతో! ఆ తర్వాత పీటర్సన్‌ని పెట్టుకోండి.