ఒక్క మాట దిద్దడమూ మన పనే

ఈమధ్య శంషాబాద్‌లో యువతుల శిక్షణా తరగతికి వెళ్ళాను. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల హోటళ్ళలో, గోదాముల్లో షిఫ్టు డ్యూటీలు చేసే అమ్మాయిలే ఎక్కువమంది. రాత్రి డ్యూటీలు, రక్షణ గురించి మాట్లాడమంటే ఒకమ్మాయి తను రాసుకొచ్చిన కాగితం చదివింది. 2019 నవంబర్ 27న అదే శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర జరిగిన ఘోరం గురించి. అందులో 'దిశ' అసలు పేరు ఉంది. 'నలుగురు దోషులనూ పోలీసులు కాల్చి చంపారు' అని ఉంది. ఇదెక్కడిదమ్మా అంటే, ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలోది అంది.

రెండూ తప్పే. అత్యాచారానికి గురైన స్త్రీ మరణించినా ఆమె పేరు బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. 2024లో కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రి కేసులో డాక్టర్ పేరు తొలగించమని వికీపీడియాను ఆదేశించింది కూడా. ఇక ఆ నలుగురూ నిందితులే. విచారణ మొదలవకముందే డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర వాళ్ళను చంపేశారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది.

మాట తేడాయే కదా అనుకోవద్దు. 'నిందితులు' అన్నచోట 'దోషులు' అని రాస్తే ఎన్‌కౌంటరే న్యాయమైపోతుంది. స్త్రీల పేరు చెప్పి చేసే హత్యలు మాకు న్యాయం కాదని ఆనాడే హైకోర్టుకు లేఖ రాసిన మహిళా కార్యకర్తల గొంతు చరిత్రలో లేకుండా పోతుంది.

ఇవన్నీ మనకు కంఠోపాఠమే. మరి మనమెందుకు దిద్దలేదు? కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్ళ వ్యవహారమని వదిలేశాం. నిజానికి 'సవరించు' అన్నచోట నొక్కితే ఎవరైనా దిద్దవచ్చు. అయితే 'నేను అక్కడే ఉన్నాను, నాకు తెలుసు' అంటే చెల్లదు, అచ్చయిన ఆధారం చూపాలి. అచ్చుకెక్కని స్త్రీల అనుభవానికి ఈ నియమం అన్యాయమే. కానీ తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చువేసింది కాబట్టే ఈనాడు వాటిని ఆధారంగా చూపగలుగుతున్నాం. మన నిజనిర్ధారణ నివేదికలు బీరువాల్లో మూలుగుతుంటే ఎవరికి ఆధారమవుతాయి?

ఆరోజు తరగతిలోనే పేరు తీసేశాం. 'దోషులు' కొట్టేసి 'నిందితులు' అని రాసి, కమిషన్ నివేదికను ఆధారంగా చూపాం. మర్నాటికి ఎవరో మళ్ళీ 'దోషులు' చేశారు. ఆ అమ్మాయి ఊరుకోలేదు. చర్చ పేజీలో కారణం రాసి మళ్ళీ మార్చింది.

మీరు పనిచేసిన కేసు గురించి అక్కడ ఏం రాసి ఉందో ఒకసారి తెరిచి చూడండి. తప్పుంటే దిద్దండి. తెలిసిన మనం ఊరుకుంటే, తెలియనివాళ్ళు రాసిందే రేపటి పిల్లలకు నిజమవుతుంది.