వాళ్లను ఆపింది సంస్కృతి కాదు, చట్టం

పబ్లిక్ హెల్త్ సెమినార్లలో ‘సాంస్కృతిక అవరోధాలు’ అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న ఒక సెమినార్‌లో, అమెరికాలో బతుకుతున్న మైక్రోనీషియా వలస మహిళల మీద పేపరు చదివాను. గర్భం వచ్చి నెలలు గడిచినా చాలామంది ఆసుపత్రి గడప తొక్కలేకపోతున్నారని చెప్పగానే ముందు వరుసలో ఉన్న ఒక ప్రొఫెసర్ గారు అందుకున్నారు. “అది వాళ్ల కల్చర్ కదమ్మా. సిగ్గు, తలరాత మీద నమ్మకం. మన ఎస్సీ, ఎస్టీ ఆడవాళ్లు కూడా అంతే కదా!” హాల్లో తలలు ఊగాయి. టైమ్ అయిపోయిందని నన్ను కూర్చోబెట్టారు. అప్పుడు ఇవ్వలేకపోయిన జవాబు ఇది.

పసిఫిక్‌లోని మార్షల్ దీవుల్లో 1946 నుంచి 1958 దాకా అమెరికా 67 అణు పరీక్షలు చేసింది. 1954 మార్చి 1న బికినీలో పేల్చిన బాంబు బూడిద రొంగెలాప్ దీవి మీద పడింది. పిల్లలు దానితో ఆడుకున్నారు. రెండు రోజులు దాటాకే వాళ్లను అక్కడి నుంచి తరలించారు. 1957లో, భయం లేదని చెప్పి మళ్లీ అదే నేల మీదికి పంపారు. రొంగెలాప్ మహిళ లిజోన్ ఎక్నిలాంగ్ 1995లో అంతర్జాతీయ న్యాయస్థానం ముందు నిలబడి, తనకు ఏడుసార్లు గర్భస్రావమైందని చెప్పింది. ఆమె గర్భాన్ని కూడా ‘సంస్కృతి’ ఖాతాలోనే వేద్దామా?

ఆ తర్వాత ఒప్పందం వచ్చింది. దాని ప్రకారం మార్షల్ దీవులు, మైక్రోనీషియా సమాఖ్య 1986 నుంచి, పలావు 1994 నుంచి తమ సముద్రాన్నీ నేలనూ అమెరికా సైన్యానికి అందుబాటులో ఉంచాయి. బదులుగా వాళ్ల ప్రజలు వీసా లేకుండా అమెరికాలో ఉండవచ్చు, పని చేసుకోవచ్చు. జనం హవాయికీ ఆర్కన్సాకూ వెళ్లారు, పన్నులు కట్టారు, అమెరికా సైన్యంలో కూడా చేరారు. 1996లో క్లింటన్ సంక్షేమ చట్టం మీద సంతకం పెట్టినప్పుడు, మెడికెయిడ్‌కు అర్హులైన వలసదారుల జాబితాలో వీళ్ల పేరు లేదు. ఏదో పొరపాటున జారిపోయిందంటారు. ఆ పొరపాటు దిద్దడానికి 2020 డిసెంబరు దాకా పట్టింది. 1996లో పుట్టిన పిల్ల అప్పటికి తల్లి అయ్యే వయసుకు వచ్చింది.

మధ్యలో హవాయి కొన్నేళ్లు సొంత డబ్బుతో వైద్యం ఇచ్చి, 2010లో చేతులెత్తేసింది. ఏడాదికి 12 సార్లు డాక్టరు దగ్గరికి, 10 రోజులు ఆసుపత్రిలో, అంతే. కోర్టుకెళ్తే 2014లో అప్పీలు కోర్టు రాష్ట్రం పక్షానే నిలిచింది. గర్భిణులను ఆ కోత నుంచి తప్పించారు, నిజమే. మరి మధుమేహం, క్యాన్సర్ తొమ్మిది నెలల్లో వచ్చి పోయే జబ్బులా? కడుపులో బిడ్డ ఉంటేనే ఆడదానికి శరీరం ఉన్నట్టా?

సిగ్గు లేదని నేను అనను. చూక్ ఆడవాళ్లయినా మార్షలీస్ ఆడవాళ్లయినా అన్నదమ్ముల ఎదుట ఒంటి సంగతులు ఎత్తరు. అలాంటి మనిషి పక్కన ఆమె తమ్ముడినో కొడుకునో నిలబెట్టి, ‘రక్తస్రావం ఎన్నాళ్ల నుంచి’ అని అడిగించడం ఎవరి సంస్కృతి? ఒక మహిళా దుబాసీని పెడితే సగం సిగ్గు అక్కడే పోతుంది. పెట్టరు, ఖర్చవుతుంది కాబట్టి. ఇంగ్లిష్ రానివాళ్లకు భాషా సాయం అందించమన్న 2000 నాటి అధ్యక్ష ఉత్తర్వును కూడా 2025 మార్చిలో ట్రంప్ రద్దు చేశాడు.

ఆ భాష అంత దుర్భేద్యమా అంటే, పాల్ పీటర్సన్‌ను చూడండి. అరిజోనాలో ఎన్నికైన అధికారి, దత్తత లాయరు. క్రైస్తవ మిషన్ పని మీద మార్షల్ దీవుల్లో ఉన్నప్పుడు మార్షలీస్ అనర్గళంగా నేర్చుకున్నాడు. డబ్బు ఆశ చూపి గర్భిణులను అమెరికాకు రప్పించాడు, పిల్లల్ని దత్తతకు ఇప్పించాడు. దత్తత కోసం అలా ప్రయాణించడాన్ని ఒప్పందమే నిషేధించింది. అయినా ఆ తల్లులను స్థానికులుగా చూపి, తప్పుడు దరఖాస్తులతో అరిజోనా మెడికెయిడ్‌లో చేర్పించాడు. అంటే బిడ్డ కావలసిన చోట భాషా అడ్డం రాలేదు, సిగ్గూ అడ్డం రాలేదు, మెడికెయిడ్ కూడా దొరికింది! ఆర్కన్సా ఫెడరల్ కోర్టు అతనికి ఆరేళ్లకు పైగా జైలు శిక్ష వేసింది 2020 డిసెంబరులోనే, మెడికెయిడ్ హక్కు తిరిగొచ్చిన ఆ నెలలోనే.

ఆర్కన్సాలో మార్షలీస్ ఎక్కువగా ఉండేది స్ప్రింగ్‌డేల్‌లో. కోళ్ల ఫ్యాక్టరీల్లో కోతపని. కాస్త దూరంలో బెంటన్‌విల్, వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం, దాని చుట్టూ మన తెలుగు ఐటీ కుటుంబాలు. అక్కడున్న నా ఇంటర్ స్నేహితుడిని అడిగితే, “మార్షలీస్ అంటే ఎవరు? మెక్సికన్లా?” అన్నాడు. వాళ్లావిడ కాన్పుకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, పత్యం కారం పట్టుకుని అత్తగారు విమానంలో దిగింది. దాన్ని ఎవరూ సాంస్కృతిక అవరోధం అనలేదు. అనకూడదు కూడా.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్ మాట్లాడింది తల్లుల అలవాట్ల గురించి కాదు, ఖర్చు గురించి. తల్లి విశ్రాంతి దేశ ప్రయోజనమని, దాని భారంలో ప్రభుత్వానికీ వాటా ఉందని వాదించారు. ఎవరు కట్టాలి అన్న ఆ ప్రశ్న అడగాల్సిన చోట మన పరిశోధకులు జనం నమ్మకాల మీద ప్రశ్నావళి పంచుతున్నారు.

అణుబాంబునూ అంటరానితనాన్నీ ఒకే గాటన కట్టను. కానీ ప్రొఫెసర్ గారే మా ఆడవాళ్లను మధ్యలోకి తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ ఏడో నెల దాకా ఆసుపత్రికి పోలేదు. ఉన్నది పొద్దుటి బస్సు ఒక్కటే, అదెక్కితే ఆ రోజు కూలి పోతుంది. పోయిన రోజు నర్సమ్మ కార్డును చేత్తో అందుకోలేదు, బల్ల మీద పెట్టమంది. ఆ కార్డు మీద ‘అవగాహన లేదు’ అని రాసింది. అది మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది. ప్రొఫెసర్ గారు చూస్తానంటే వచ్చే సెమినార్‌కు తెస్తాను.