మేయర్ కుర్చీలో స్త్రీ ఉంటే చాలునా?

చికాగో అనగానే మనలో చాలామందికి ముందు మేడే గుర్తుకొస్తుంది. 1886 మే 4 రాత్రి హేమార్కెట్‌లో జరిగిన కార్మికుల సభకి ఆనాటి మేయర్ కార్టర్ హారిసన్ స్వయంగా వెళ్లాడు. కాసేపు ఉపన్యాసాలు విని, సభ ప్రశాంతంగానే ఉందని పోలీసు అధికారికి చెప్పి ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాకే పోలీసులు సభ మీదికి వచ్చారు. బాంబు పేలింది, కాల్పులు జరిగాయి. కోర్టులో హారిసన్ ఇదే సాక్ష్యం చెప్పినా, మరుసటి ఏడు నలుగురు కార్మిక నాయకుల్ని ఉరి తీశారు. వాళ్లలో ఒకరు ఆల్బర్ట్ పార్సన్స్. ఆయన సహచరి లూసీ పార్సన్స్ ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా సభల్లో, సమ్మెల్లో, ఊరేగింపుల్లో పోరాడుతూనే ఉంది. పోలీసులు భయపడిన ఆ స్త్రీకి ఆనాడు మేయర్‌ని ఎన్నుకునే ఓటు మాత్రం లేదు.

1837లో నగరంగా ఏర్పడిన చికాగోకి విలియం ఆగ్డెన్ మొదటి మేయర్. 2023లో గెలిచిన బ్రాండన్ జాన్సన్ 57వ మేయర్. ఇంత పొడవైన జాబితాలో స్త్రీలు ఇద్దరే. 1979లో జేన్ బర్న్, సరిగ్గా నలభై ఏళ్ల తర్వాత 2019లో లోరీ లైట్‌ఫుట్. ఇద్దరూ నాలుగేళ్లు మించి ఆ పదవిలో నిలవలేదు. అదే కుర్చీలో తండ్రి రిచర్డ్ జె. డేలీ 21 ఏళ్లు, కొడుకు రిచర్డ్ ఎం. డేలీ 22 ఏళ్లు కూర్చున్నారు.

ఈ లెక్క చూసి ‘ఆడవాళ్లకి పాలన చేతకాదు’ అనేవాళ్లకి జవాబు చెప్పడం పెద్ద కష్టం కాదు. ‘స్త్రీలు కాబట్టే దించేశారు’ అనే మనవాళ్ల మాటనే మనం కాస్త జాగ్రత్తగా పరిశీలించాలి. అందులో నిజం ఉంది. కానీ అది సగం నిజమే. మిగతా సగాన్ని వదిలేస్తే ఈ చరిత్ర నుంచి మనం నేర్చుకునేదేమీ ఉండదు.

ఓటు రాకముందే చికాగో స్త్రీలు నగరపాలనలోకి దిగారు. హల్ హౌస్ స్థాపించిన జేన్ ఆడమ్స్ తన వార్డులో చెత్త ఎత్తడం లేదని పోరాడి, 1895లో తానే చెత్త ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో చేరింది. తెల్లవారకముందే లేచి చెత్త బళ్ల వెంట తిరిగింది. 1913లో ఇల్లినాయ్ రాష్ట్రం స్త్రీలకి అధ్యక్ష ఎన్నికల్లో, మునిసిపల్ ఎన్నికల్లో ఓటు వేసే హక్కు ఇచ్చింది. అదే ఏడు ఇడా బి. వెల్స్ నల్లజాతి స్త్రీల కోసం ఆల్ఫా సఫ్రేజ్ క్లబ్ స్థాపించింది. ఆ మార్చిలో వాషింగ్టన్‌లో జరిగిన ఓటుహక్కు ఊరేగింపులో నల్లజాతి స్త్రీలు వెనక నడవాలని తెల్లజాతి నాయకురాళ్లు చెబితే ఆమె ఒప్పుకోలేదు. దారిలో ఇల్లినాయ్ బృందంలో కలిసి ముందుకు నడిచింది. ఆమె క్లబ్బు స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఓటర్లను నమోదు చేయించారు. 1915లో ఆస్కార్ డి ప్రీస్ట్ చికాగో నగర మండలికి ఎన్నికైన మొదటి నల్లజాతి సభ్యుడు కావడంలో వాళ్ల శ్రమ ఉంది.

అంటే స్త్రీలు ఓటు సంపాదించారు, ఓటర్లను కూడగట్టారు, మనుషుల్ని గెలిపించారు. కానీ నగర మండలిలో స్త్రీలు మొదటిసారి అడుగు పెట్టింది 1971లో. అనా లాంగ్‌ఫర్డ్, మారిలూ హెడ్‌లండ్ ఆ ఏడు గెలిచారు. ఓటు వచ్చిన 58 ఏళ్లకి! ఎందుకిలా జరిగింది?

దీనికి జవాబు అక్కడివాళ్లు ‘యంత్రం’ అని పిలిచే పార్టీ నిర్మాణంలో ఉంది. 1931లో ఆంటన్ సెర్మాక్ గెలిచినప్పటి నుంచి చికాగో మేయర్లందరూ డెమోక్రాట్లే. నగరానికి 50 వార్డులు. వార్డుకో పార్టీ పెద్ద, అతని కింద వీధివీధికీ మనుషులు. ఓట్లు తెచ్చినవాడికి నగరంలో ఉద్యోగం, తేలేనివాడికి ఉద్వాసన. తండ్రి డేలీ కాలంలో ఈ యంత్రం పతాకస్థాయికి చేరింది. వేలాది ఉద్యోగాలు ఆయన చేతి మీదుగా నడిచేవి. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత అల్లర్లు జరిగితే, నిప్పు పెట్టేవాళ్లని చంపడానికి, దోచుకునేవాళ్లని గాయపరచడానికి కాల్చమని పోలీసులకు చెప్పిన మేయర్ ఈయనే. ఇలాంటి యంత్రంలో ఓటు అడుక్కోవడానికి స్త్రీలు కావాలి. నిర్ణయం చేసే గదిలోకి మాత్రం వాళ్లు రాకూడదు.

జేన్ బర్న్ ఈ యంత్రంలోంచే వచ్చింది. 1968లో డేలీయే ఆమెను వినియోగదారుల శాఖకు అధిపతిని చేశాడు. డేలీ 1976లో చనిపోయాక మేయర్ అయిన మైకేల్ బిలాండిక్ హయాంలో టాక్సీ ఛార్జీల పెంపు వెనక లాలూచీ ఉందని ఆమె బయటపెట్టింది. 1977లో ఆమె ఉద్యోగం పోయింది. 1979 జనవరిలో మంచు తుఫాను నగరాన్ని కప్పేసింది. వీధులు శుభ్రం చేయలేకపోయారు. పైగా రైళ్లు నల్లజాతి పేటల్లోని స్టేషన్లలో ఆగకుండా వెళ్లిపోయాయి. చలిలో నిలబడి ఆగకుండా పోతున్న రైలుని చూసిన జనం ఆ అవమానాన్ని మరిచిపోలేదు. ఫిబ్రవరి ప్రైమరీ ఎన్నికలో బర్న్ బిలాండిక్‌ని ఓడించింది. ఏప్రిల్ ఎన్నికలో ఆమెకు 82 శాతం ఓట్లు వచ్చాయి.

తర్వాత ఏమైంది? ఏ పెద్దల ముఠాని తిట్టి గెలిచిందో ఆ పెద్దలతోనే ఆమె రాజీ పడింది. రవాణా కార్మికులు, ఉపాధ్యాయులు, అగ్నిమాపక సిబ్బంది వరసగా సమ్మె చేశారు. 1981లో హింస పెరిగిన కాబ్రిని-గ్రీన్ ప్రభుత్వ గృహ సముదాయంలో ఆమె మూడు వారాలు కాపురం ఉంది. కానీ అదే ఏడు స్కూలు బోర్డు నుంచి ఇద్దరు నల్లజాతి సభ్యులను తప్పించి, వాళ్ల స్థానంలో ఇద్దరు తెల్లజాతి స్త్రీలను నియమించింది. మరుసటి ఏడు గృహ సంస్థ బోర్డులోనూ తెల్లవాళ్లదే పైచేయి చేసింది. కాబట్టి స్త్రీలను పదవుల్లోకి తీసుకోవడమే ప్రగతి అనుకునే వాళ్లు ఈ సంఘటన దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆ బోర్డుల్లో స్త్రీల సంఖ్య పెరిగింది నిజమే. కానీ ఆ ఇళ్లలో ఉంటున్నది, ఆ బడులకి పిల్లల్ని పంపుతున్నది ఎక్కువగా నల్లజాతి తల్లులు. వాళ్ల మాట వినిపించే గొంతు తగ్గిపోయింది.

ఆ తల్లులు ఊరుకోలేదు. కాబ్రిని-గ్రీన్‌లో పనిచేసిన మారియన్ స్టాంప్స్ లాంటి స్త్రీలు 1982లో ఓటర్ల నమోదు ఉద్యమానికి ముందు నిలిచారు. లక్షకు పైగా కొత్త నల్లజాతి ఓటర్లు నమోదయ్యారు. 1983 ప్రైమరీలో బర్న్‌నీ, కొడుకు డేలీనీ ఓడించి హారొల్డ్ వాషింగ్టన్ నిలబడ్డాడు. ఏప్రిల్‌లో గెలిచి చికాగో మొదటి నల్లజాతి మేయర్ అయ్యాడు. అంటే మొదటి మహిళా మేయర్‌ని దించినవాళ్లలో స్త్రీలు ముందున్నారు. దీన్ని ‘స్త్రీకి స్త్రీయే శత్రువు’ అనే పాత సామెతలో ఇరికించకండి. తమ ప్రయోజనమేమిటో తెలిసిన స్త్రీలు చేసిన రాజకీయ నిర్ణయం అది.

వాషింగ్టన్‌ని మండలిలోని పాత యంత్రం ఊపిరి తీసుకోనివ్వలేదు. 50 మందిలో 29 మంది ఒక్కటై ఆయన నియామకాలను అడ్డుకున్నారు. కోర్టు ఆదేశంతో 1986లో కొన్ని వార్డుల్లో మళ్లీ ఎన్నికలు జరిగాకే ఆ కట్టు తెగింది. 1987లో రెండోసారి గెలిచిన ఆయన అదే ఏడు నవంబరులో గుండెపోటుతో చనిపోయాడు. 1989లో కొడుకు డేలీ వచ్చాడు. వాషింగ్టన్ అనుభవం చెప్పేది ఒక్కటే. వెనక ఉద్యమం ఉన్న మేయర్ ఓడిపోకుండా నాలుగేళ్లు తట్టుకోగలడు. కానీ ఉద్యమం ఒక్క మనిషి మీద ఆధారపడితే, ఆ మనిషితోపాటే చెదిరిపోతుంది.

2011లో వచ్చిన రామ్ ఇమాన్యుయేల్ నోటి దురుసుకి పేరు పొందినవాడు. మగవాడు కాబట్టి దాన్ని పట్టుదల అన్నారు. ఆయన్ని ఎదిరించింది ఎక్కువమంది స్త్రీలే ఉన్న ఉపాధ్యాయుల సంఘం. కారెన్ లూయిస్ నాయకత్వంలో 2012లో వాళ్లు సమ్మె చేశారు. 2013లో నగరం దాదాపు 50 బడులు మూసేసింది. వాటిలో ఎక్కువ నల్లజాతి పేటల్లోవే. లూయిస్ మేయర్ పదవికి పోటీ చేయాలనుకుంది గానీ 2014లో మెదడులో కణితి రావడంతో ఆగిపోయింది. అదే ఏడు అక్టోబరులో లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రవాడిని పోలీసు 16 సార్లు కాల్చి చంపాడు. ఆ వీడియో 2015 నవంబరులో గాని బయటికి రాలేదు. ఆ ఏడు ఎన్నికలు అంతకుముందే అయిపోయాయి.

ఆ ఆగ్రహంలోంచే 2019 ఎన్నిక వచ్చింది. చివరి పోటీ ఇద్దరు నల్లజాతి స్త్రీల మధ్య జరిగింది. టోనీ ప్రెక్‌వింకిల్ మీద లోరీ లైట్‌ఫుట్ 50 వార్డుల్లోనూ గెలిచింది. తాను స్వలింగ సంబంధంలో ఉన్నానని దాచుకోకుండా చెప్పి గెలిచిన మొదటి చికాగో మేయర్ కూడా ఆమే. మనం ఆనందించాల్సిన గెలుపే అది. కానీ ఆ శరదృతువులోనే ఉపాధ్యాయులు మళ్లీ సమ్మెకు దిగవలసి వచ్చింది. ప్రతి బడికీ ఒక నర్సు, ఒక సోషల్ వర్కర్ కావాలన్నది వాళ్ల ముఖ్యమైన కోరికల్లో ఒకటి. 11 బడి రోజులు పోయాక ఒప్పందం కుదిరింది. స్కూలు బోర్డుకి ఎన్నికలు జరపాలని ప్రచారంలో చెప్పిన ఆమె, 2021లో చట్టసభలో ఆ బిల్లు వచ్చినప్పుడు వ్యతిరేకించింది.

అన్నింటికన్నా బాధ పెట్టేది మరొకటి. ఆమె పదవిలోకి రాకముందు, 2019 ఫిబ్రవరిలో, పోలీసులు తప్పు ఇంట్లో సోదాకి వెళ్లి, ఒంటి మీద బట్టలు లేని ఒక నల్లజాతి స్త్రీకి బేడీలు వేశారు. 2020 డిసెంబరులో ఆ వీడియో టీవీలో రాకుండా ఆపడానికి నగర ప్రభుత్వ న్యాయవాదులు కోర్టుకెళ్లారు. అప్పటికి మేయర్ లైట్‌ఫుట్. ఆ సంగతి ఇప్పుడే తెలిసిందని ముందు చెప్పింది. ఏడాది కిందటే అధికారులు తెలియజేశారని ఈమెయిళ్లలో బయటపడ్డాక క్షమాపణ చెప్పింది. కుర్చీలో మనలాంటి స్త్రీ ఉన్నా, బేడీలు పడిన స్త్రీ పక్షాన కాక పోలీసు వ్యవస్థ పక్షానే కుర్చీ నిలబడింది.

2023 ఫిబ్రవరిలో లైట్‌ఫుట్ మూడో స్థానంలో నిలిచి ఓడిపోయింది. అంతకుముందు, ప్రజల ఓటుతో గెలిచి, తిరిగి పోటీ చేసి ఓడిపోయిన చివరి మేయర్ 1983లో జేన్ బర్న్. ఆ ఏప్రిల్‌లో గెలిచిన జాన్సన్ ఉపాధ్యాయుల సంఘంలో పనిచేసినవాడు. స్త్రీలు ఏళ్ల తరబడి కట్టిన బలం మీదే ఆయనా కుర్చీ ఎక్కాడు.

స్త్రీలను కొలిచే కొలబద్ద వేరుగా ఉందా? తప్పకుండా ఉంది. డేలీలకి 43 ఏళ్లు ఓపిక పట్టిన నగరం వీళ్లకి నాలుగేళ్ల కన్నా ఇవ్వలేదు. కోపం, మాట, తీరు అన్నీ ఆడదానిలో తప్పులే అయ్యాయి. దీన్ని మనం ఖండించాలి. కానీ ఖండించడంతోపాటే, గెలిచిన స్త్రీని లెక్క అడిగే హక్కుని వదులుకోకూడదు. పురుషాధిక్యత చేసే అన్యాయం వేరు, మాట తప్పిన పాలకురాలిని ప్రజలు నిలదీయడం వేరు. ఈ రెండింటినీ కలిపేస్తే లాభపడేది యంత్రమే.

అందుచేత మనం అడగవలసిన ప్రశ్న ‘మేయర్ స్త్రీయా, పురుషుడా’ దగ్గర ఆగిపోకూడదు. ఆమెను గెలిపించింది జనం కోపమా, లేక నిలకడైన సంఘమా? గెలిచిన మరునాడు ఆమెను నిలదీసే స్త్రీలు వార్డులో ఉన్నారా? నియామకాలు, బడులు, ఇళ్లు, పోలీసుల మీద ఆమె ఇచ్చిన మాటను రాసిపెట్టుకున్నవాళ్లు ఎవరు? చెత్త బళ్ల వెంట నడిచిన ఆడమ్స్, వెనక వరుసలో నడవనన్న వెల్స్, ఇంటింటికీ తిరిగి ఓటర్లను చేర్చిన కాబ్రిని-గ్రీన్ స్త్రీలు, వీళ్లెవరూ మేయర్లు కాలేదు. కానీ మేయర్లు ఎవరు కావాలో, ఎవరు దిగిపోవాలో తేల్చడంలో వీళ్ల చెయ్యి ఉంది. కుర్చీ కోసం పోరాడదాం, తప్పకుండా పోరాడదాం. అంతకన్నా ముందు కుర్చీని నిలదీయగల సంఘాలను కట్టుకుందాం.